చంద్రభాగ పాస్ చేసిన సెల్లులు

చంద్రభాగ ఎవరి మాటనూ మొదటిసారి నమ్మదు. కూరగాయల బండి దగ్గర ముందు తక్కెడ ముల్లు చూస్తుంది. తర్వాత తక్కెడ అడుగు చూస్తుంది. ఆ తర్వాత అమ్మేవాడి మొహం చూస్తుంది. బస్సులో కండక్టరు ఇచ్చిన టికెట్టు మీద తేదీ చదువుతుంది. డాక్టరు రాసిన మాత్రల మీద గడువు తేదీని మందుల షాపువాడితో చదివిస్తుంది. ఇంటికి వచ్చి అదే తేదీని కోడలితో చదివిస్తుంది. రెండూ ఒకటైతేనే మింగుతుంది.

పుట్టుకతో వచ్చిన గుణం కాదిది. నలభై ఏళ్ళు బీడీలు చుడితే వచ్చింది.

వాళ్ళ తాత సిద్దిపేట దిక్కు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చాడు. తండ్రి కుంఠా నాకా వెనక సందులో మొదట చేతిమగ్గం మీద చీరలు నేశాడు, తర్వాత పవర్‌లూమ్ కార్ఖానాలో చద్దర్లు నేశాడు. ఇంట్లో ఆడవాళ్ళందరికీ బీడీలే పని. చంద్రభాగ పదేళ్ళకే తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరించింది. రోజుకు వెయ్యి బీడీలు. మరునాడు కట్టలు కట్టి కంపెనీ బ్రాంచికి తీసుకుపోవాలి. అక్కడ కటకటాల వెనక చెకర్ కూర్చునేవాడు. కట్టల్ని లోపలికి తీసుకుని, నచ్చని బీడీల్ని పక్కకు పడేసేవాడు. వాటిని ఛాట్ అనేవారు. ఛాట్‌కు కూలి లేదు. ఎందుకు తీశాడో చెప్పడు. అడిగితే మరునాడు ఇంకో ఇరవై ఎక్కువ తీస్తాడు.

తీసిన ఛాట్ ఏమవుతుందని ఒకసారి అడిగింది. విరిచి పారేస్తామన్నారు. ఏడాది తర్వాత కొంతం చౌక్‌లో ఒక పాన్ డబ్బా ముందు గ్లాసులో విడి బీడీలు పెట్టి అమ్ముతుంటే చూసింది. వాటిలో తను చుట్టినవి ఉన్నాయి. మూతి మడిచే తీరు ఎవరిది వాళ్ళకు తెలుస్తుంది. ఆ రోజు ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. చెబితే నమ్మరు. తనే అయినా నమ్మేది కాదు.

యాభై దాటాక వేళ్ళ కొసలు మొద్దుబారి బీడీలు మానేసింది. అప్పటికి ఊరి బయట బీడీ కార్మికులకు కట్టిన కుంభారి కాలనీలో ఇల్లు వచ్చింది. ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. భర్త ఎల్లయ్య ఇంకా తువ్వాళ్ళ కార్ఖానాకు పోతున్నాడు. నలభై ఏళ్ళ మగ్గాల మోతకు అతని చెవులు పోయాయి. కొడుకు మంగేశ్ పుణెలో డ్రైవరు, నెలకొకసారి వస్తాడు. కోడలు ఋతుజ పట్నంలో ఒక బట్టల దుకాణంలో పని చేస్తుంది. రోజూ బ్యాటరీ స్కూటరు మీద పోయి వస్తుంది.

ఆ బ్యాటరీ చేసింది అభిజిత్. చంద్రభాగ తమ్ముడి కొడుకు. తమ్ముడు పోయాక కుంఠా నాకాలోని పాతింట్లో, మగ్గం ఉండే ముందుగదిలో, బ్యాటరీలు కట్టే దుకాణం పెట్టాడు. స్కూటరు బ్యాటరీ పెట్టె లోపల ఉండేవి చిన్న చిన్న సెల్లులు. ఒక్కొక్కటి చూపుడువేలంత పొడవు, బొటనవేలంత లావు. తొంభై ఆరింటిని వరుసలుగా పేర్చి, నికెల్ పట్టీలతో అతికితే ఒక పెట్టె అవుతుంది. సెల్లులు కొనేటప్పుడే మోసపోతున్నానని అభిజిత్‌కు ఒకనాడు అర్థమైంది. అప్పుడు మేనత్త గుర్తుకు వచ్చింది.

"అత్తా, నీ అసొంటి మనిషి కావాలె నాకు," అన్నాడు.

"నాకేమొస్తదిరా?"

"అనుమానం వస్తది గదా. అదే చాలు."

ఆమెకు ఒక బల్ల, ఒక దీపం, బంగారం తూచే చిన్న కాటా, నాలుగు సూదుల మీటరు ఇచ్చాడు. నెల రోజుల్లో నేర్చుకుంది. అసలు సెల్లుల బరువులో గ్రాముకు మించి తేడా రాదు. తక్కువ తూగితే లోపల సరుకు తక్కువ. కొత్త సెల్లులన్నీ పెట్టెలోంచి తీయగానే మూడున్నర వోల్టుల పైన ఒకే దగ్గర నిలుస్తాయి, చివరి అంకె మాత్రం అటూ ఇటూ అవుతుంది. సెల్లుకు వయసు వచ్చేకొద్దీ లోపల కరెంటుకు అడ్డు పెరుగుతుంది. ఆ అడ్డును మీటరు అంకెలో చెబుతుంది. పాత బ్యాటరీలోంచి పీకిన సెల్లు అయితే కొసన పట్టీ అతికిన చుక్కలుంటాయి. చుక్కల్ని ఆకురాయితో రుద్దేస్తారు. రుద్దిన చోట మెరుపు వేరు. పైన రంగు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, దాని మీద పేరూ తయారైన తేదీ గుర్తూ ఉంటాయి. తొడుగు సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బయటి ఊళ్ళలో నేసిన చద్దర్ల మీద షోలాపూర్ లేబులు కుట్టి అమ్మడం ఈ సందుల్లో అందరికీ తెలిసిందే.

మంచి సెల్లును ఎడమవైపు పెట్టి 'పాస్' అంటుంది. చెడ్డదాన్ని కుడివైపు ట్రేలో తలకిందులుగా నిలబెట్టి 'ఛాట్' అంటుంది. అభిజిత్ మొదట్లో నవ్వేవాడు. తర్వాత అతనూ అదే మాట అన్నాడు.

"మా అత్త పాస్ చేసిందంటే నక్కీ, పక్కా మాల్," అని గిరాకీలకు చెప్పుకున్నాడు. ఆ మాట మీద దుకాణం నడిచింది.

గణపతి నిమజ్జనం అయిన మరుసటి వారం కొత్త పెట్టె వచ్చింది. రెండు వందల సెల్లులు, ఆకుపచ్చ తొడుగులు. పంపింది కొంతం చౌక్‌లో సెల్లులు అమ్మే విశాల్. వేసవి నుంచి అతని దగ్గరే కొంటున్నారు. అంతకుముందు అతను పంపిన సెల్లులతో ఐదు బ్యాటరీలు కట్టి అమ్మారు. మొదటిది ఋతుజ బండికే పోయింది. మిగిలిన నాలుగూ కుంభారి కాలనీలోనే ఉన్నాయి. ఐదింటినీ చంద్రభాగ పాస్ చేసింది.

కొత్త పెట్టెను ఉదయం నుంచి చూసింది. బరువు సరిపోయింది. లోపలి అడ్డు కొంచెం ఎక్కువే కాని హద్దు దాటలేదు. కొసలు శుభ్రంగా ఉన్నాయి. వోల్టులు చూసింది. పది చూసింది. ఇరవై చూసింది. యాభై చూసి మీటరు కింద పెట్టింది.

"ఏమైందత్తా?"

"అన్ని ఒక్కటే అంకె."

"మంచిదే గదా."

"చివరి అంకె సుత ఒక్కటే. ఒక తల్లి పిల్లలకే ఇంత పోలిక ఉండదు. ఎవడో నిన్ననో మొన్ననో కూసొని అన్నిటికి చార్జింగ్ పెట్టి సమానం చేసిండు."

"ఫ్యాక్టరీల మిషన్లు చేస్తయి అత్తా. నువ్వు సెల్లులను సుత కొత్త కోడలి లెక్క చూస్తవ్."

"కొత్త కోడలు మాట్లాడ్తది. ఇవి మాట్లాడయి. అల్మారీల పెట్టు. ఎనిమిది రోజులు తియ్యొద్దు."

"రెండు బ్యాటరీలు ఇచ్చేది ఉన్నదే. గిరాకీ రోజు ఫోన్ చేస్తుండు."

"చెయ్యనీ."

చార్జింగు పెట్టి అంకె కలపవచ్చు. నిలబెట్టడం మాత్రం ఎవరి వల్లా కాదు. మంచి సెల్లు ఎనిమిది రోజులు ఊరికే పడి ఉన్నా అంకె కదలదు. ముసలిది ఎవరూ ముట్టుకోకపోయినా లోలోపల కారిపోతుంది. అల్మారీకి తాళం వేసి తాళంచెవిని చంద్రభాగ నడుము సంచిలో వేసుకుంది. అభిజిత్ మీద అనుమానంతో కాదు. తాళం చెవులన్నీ ఆమె అక్కడే వేసుకుంటుంది.

తొమ్మిదో రోజు తీసి చూసింది. రెండు వందల్లో అరవై ఒకటి కిందికి జారాయి. కొన్ని కొంచెం, కొన్ని బాగా.

జారిన వాటిలోంచి ఒకదాన్ని తీసి దీపం కింద తిప్పింది. ఆకు కత్తిరించే పాత కత్తెర అందుకుంది.

"తొడుగు కోస్తే వాపస్ తీస్కోరత్తా," అన్నాడు అభిజిత్.

ఆ మాటతోనే ఇన్ని నెలలు ఒక్క తొడుగూ కోయలేదు. ఇప్పుడు కోసింది. ఆకుపచ్చ ప్లాస్టిక్‌ను అరటిపండు తొక్కలాగా ఒలిచింది. లోపల ఉక్కు డబ్బా. దాని మీద ఫ్యాక్టరీవాళ్ళు కొట్టే చిన్న అంకెలు ఉండాలి. లేవు. థిన్నర్‌తో తుడిచిన మచ్చ ఉంది. అడుగు అంచున, తొడుగు మడత పడే చోట, దారం పోగంత సన్నగా పసుపుపచ్చని గీత ఉంది.

అభిజిత్ వంగి చూశాడు. "తుప్పు. వానకాలం గదా."

"తుప్పు ఇంత లేతగ ఉంటదా?"

"గమ్ము కావచ్చు."

"తుప్పా, గమ్మా? ఒక్కటి చెప్పు."

చంద్రభాగ నడుము సంచిలోంచి సున్నం డబ్బీ తీసింది. తంబాకులో కలుపుకునే సున్నం. వేలికొసతో కొంచెం తీసి ఆ గీత మీద రాసింది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. గీత మెల్లగా ఎర్రబడింది.

"సున్నం తాకితే ఎర్రబడేది ఒక్కటే ఉన్నది," అంది. "పసుపు."

మగ్గాలవాళ్ళ సందుల్లో దసరా ముందురోజు ఖండేనవమి. ఆ రోజు పనిముట్టును కడిగి పూజ చేస్తారు, పని చేయరు. మగ్గానికి, కండెకు, కత్తెరకు, తక్కెడకు, ఇప్పుడు మీటరుకు, స్కూటరుకు కూడా పసుపు కుంకుమ పెడతారు. అన్ని దుకాణాల్లోనూ సామాను పెట్టెకు ఒక్క బొట్టు పెట్టి చేతులు దులుపుకుంటారు. పోయిన ఏడాది ఈ దుకాణంలో పూజ చేసింది చంద్రభాగే. పెట్టెకు పెడితే పెట్టెకే అందుతుంది అంది. తడి పసుపు గిన్నె ముందు పెట్టుకుని ఒక్కో సెల్లుకూ వేలు ఆనించింది. కుడివైపు ట్రేలలో తలకిందులుగా నిలబెట్టిన ఛాట్ సెల్లులకు కూడా పెట్టింది. ఆ ఛాట్ ఒక్కటే మూడు వందల నలభై.

"ఛాట్‌కు సుత ఎందుకత్తా," అని అభిజిత్ అప్పుడు నవ్వాడు.

"ఛాట్ అయితే ఏంది. పని చేసినయే గదా," అంది ఆమె.

తలకిందులుగా ఉన్నాయి కాబట్టి అడుగున పెట్టిన పసుపు నీళ్ళు అంచు మీదుగా పాత తొడుగు కిందికి దిగి ఉంటాయి. ఎవరో ఆ పాత తొడుగు ఒలిచేశారు. కొసను రుద్దారు. పక్కల తుడిచారు. అంచు మూల చూడలేదు. కొత్త ఆకుపచ్చ తొడుగు వేశారు. ఎండ తగలక రంగు అలాగే నిలిచింది.

చంద్రభాగ ఇంకో తొమ్మిది కోసింది. మరో మూడింటి అంచున అదే గీత ఉంది. కత్తెర కింద పెట్టింది. సెల్లుకు సెల్లుకు పసుపు పెట్టే మనిషి ఈ ఊళ్ళో ఇంకొకరు ఉంటారా అని ఆలోచించింది. తన మీద తనకే నవ్వు వచ్చింది కాని నవ్వలేదు.

"అభిజిత్. పోయిన దసరాకు తీసిన ఛాట్ ఏం చేసినవ్?"

"ఉప్పునీళ్ళల్ల ఏసిన. నువ్వే చెప్పినవ్ గదా. ఏసి, చార్జింగ్ చచ్చినంక తుక్కుకు ఇచ్చిన."

"ఏ డ్రమ్ముల ఏసినవ్?"

"నీలం డ్రమ్ముల."

"నీలం డ్రమ్ము సంక్రాంతి అయినంక కొన్నం. నేను పక్కకే ఉన్న."

అభిజిత్ మీటరు తీగల్ని చుట్టడం మొదలుపెట్టాడు. అవి చుట్టే ఉన్నాయి. విప్పి మళ్ళీ చుట్టాడు.

"తుక్కు మల్లేశంకు ఇచ్చిన," అన్నాడు చివరికి. "దసరా అయినంక నాలుగు రోజులకు. అట్లనే ఇచ్చిన."

"కిలోకు ఎంతిచ్చిండు?"

"కిలో లెక్క గాదు. ఒక్కోదానికి ఇంత అని ఇచ్చిండు."

చంద్రభాగ సున్నం డబ్బీకి మూత పెట్టి నడుము సంచిలో వేసుకుంది. పక్క కార్ఖానాలో మగ్గాలు ఆడుతున్నాయి. గోడ సన్నగా అదురుతోంది.

"కిలోతోని కొంటే తుక్కు," అంది. "లెక్కవెట్టి కొన్నడంటే సరుకు. ఇది నీకు ఎరుక లేదా?"

"నేను అడగలే అత్తా."

"అడగలేదా, తెలువదా?"

"అడగలే. అడగకపోతే తెలుస్తదా?"

ఆ జవాబును ఆమె లోపల అటూ ఇటూ తిప్పి చూసింది. దానికి అతుకు ఎక్కడుందో దొరకలేదు. మల్లేశం నుంచి విశాల్ దాకా సెల్లులు ఎలా పోయాయో ఊహించవచ్చు. విశాల్ వాటినే తిప్పి ఇక్కడికి అమ్మడం ధైర్యమా, తెలివితక్కువా, లేక ఈ దుకాణం సంగతి తెలిసే పంపాడా? తెలిసి పంపితే ఎవరి ద్వారా తెలిసింది? కూరగాయలవాడినీ, కండక్టరునూ, డాక్టరునూ అనుమానించింది. తమ్ముడి కొడుకు తెచ్చిన పెట్టెలకు మీటరు పెట్టి ఊరుకుంది. ఇంటి సరుకు అనుకుంది.

"ఈ పెట్టె వాపస్ ఇచ్చేస్త," అన్నాడు అభిజిత్. "విశాల్‌తోని కొట్లాడ్త. ఇగ వానితోని తీస్కోను. అయిపాయె."

"అమ్మిన అయిదు?"

"వాటికేమైంది? నాలుగు నెలలైంది. ఒక్క కంప్లేంట్ లేదు."

"కాలినంక చేస్తరా కంప్లేంట్?"

"ఊకె భయపెట్టకు అత్తా. అన్ని గవే ఉంటయా ఏంది? వాపస్ తెప్పిస్తే ఏమంటరు జనం? దుకాణం మూసుకోవుడే."

కుంభారిలో ఇళ్ళు ఆమె కళ్ళ ముందు కనిపించాయి. ఒకే గది. రాత్రి స్కూటరు పెట్టెను లోపలికి తెచ్చి తలుపు పక్కన చార్జింగ్ పెడతారు, ఎందుకంటే బయట ప్లగ్గు లేదు. ఆ పక్కనే తునికాకు కట్టలు, తంబాకు సంచి, పడుకున్న పిల్లలు. ముసలి సెల్లు ఒకటి నిండకముందే పక్కది నిండిపోతుంది. నిండినదాంట్లోకి కరెంటు ఇంకా పోతూనే ఉంటుంది, అది వేడెక్కి అంటుకుంటుంది. ఇది ఆమెకు చెప్పింది అభిజితే, ఇదే బల్ల దగ్గర.

ఋతుజకు ఫోన్ చేసింది. ఆ రోజు కోడలికి సెలవు.

"బండి ఏడున్నది?"

"చార్జింగ్ పెట్టిన అత్తమ్మా. ఇప్పుడే."

"తీసెయ్యి. పెట్టెను బయట వరండాల పెట్టు. ఎండల గాదు, నీడల. పక్కింటోళ్ళ ఆకు కట్టల దగ్గర పెట్టకు."

"రేపు డ్యూటీకి ఎట్ల పోవాలె? నలభై శాతమే ఉన్నది. ఏమైంది?"

"ముందు తియ్యి. తీసినవా?"

"తీసిన."

"నిజంగ తీసినవా, చెప్తున్నవా?"

"అయ్యో, ఫోటో పెట్టాల్నా?"

"పెట్టు," అంది చంద్రభాగ.

ఫోటో వచ్చాక సంచి తీసుకుని లేచింది. అభిజిత్ వైపు చూడకుండా, "నేను పోయి అడుగుత. నువ్వు విశాల్‌కు ఫోన్ చెయ్యకు," అంది. అతను చేస్తాడని ఆమెకు తెలుసు.

కుంభారి బస్సు దిగేసరికి మూడయింది. వరండాలో బ్యాటరీ పెట్టె పక్కన, పొద్దటి పాళీ దిగి వచ్చిన ఎల్లయ్య పీట వేసుకుని కూర్చున్నాడు, కాపలా ఉన్నట్టు. అతనికి ఏం చెప్పారో, ఏం వినిపించిందో.

"దొంగలొచ్చిండ్రంట," అన్నాడు గట్టిగా.

"దొంగలు గాదు. సెల్లులు ఖరాబ్ ఉన్నయంట మామయ్యా," అని ఋతుజ అతని చెవిలో అరిచింది. తర్వాత అత్తవైపు తిరిగింది. "అభిజిత్ ఫోన్ చేసిండు. నువ్వు పసుపు చూసి బెదిరినవంట."

"ఇంకేమన్నడు?"

"పెద్దమనిషి, పట్టించుకోకు అన్నడు."

చంద్రభాగ మంచినీళ్ళు తాగింది. చెంబు బోర్లించి మళ్ళీ బయటికి నడిచింది.

రెండు వరుసల అవతల పూనం ఇల్లు. పూనం గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. ఆమె భర్త శుభమ్ తువ్వాళ్ళ కార్ఖానాలో రాత్రి పాళీ చేస్తాడు. అతని స్కూటరుకు జూన్‌లో బ్యాటరీ ఇచ్చారు. ఇప్పుడు బండి చెట్టు కింద ఉంది. పెట్టె లోపల తలుపు పక్కన ఉంది. చార్జరు మీద పచ్చ దీపం వెలుగుతోంది.

"ముందు అది తీసెయ్యి పూనం," అంది చంద్రభాగ. "తర్వాత చెప్త."

పూనం తీయలేదు. చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, మూతి మడిచి, పక్కన పెట్టింది.

"కశాలా? ఎందుకు తియ్యాలె?"

"లోపల పాత సెల్లులు ఉండచ్చు. తీస్కపోయి చూస్తం."

"నాలుగు నెలల సంది బండి మంచిగ నడుస్తున్నది. ఇప్పుడొచ్చి ఇయ్యమంటున్నవ్. మంచియి తీస్కొని పాతయి పెట్టి ఇస్తరా?"

"గట్ల చెయ్య."

"చెయ్యనని ఎవలైన చెప్తరు. చేసేటోళ్ళు చెప్తరా చేస్తమని?"

చంద్రభాగకు కోపం రాలేదు. తన గడప దగ్గరికి ఇంకెవరైనా వచ్చి ఇలా అడిగితే తనూ ఇవే మాటలు, ఇదే వరుసలో అనేది.

"నువ్వే పాస్ చేసినవంట గదా," అంది పూనం. "మా ఆయనకు అభిజిత్ చెప్పిండు. మా అత్త చూసినంక ఒక్క సెల్లు సుత తప్పు రాదు అన్నడు."

"చూసిన."

"మరి?"

"మీటరు పెట్టి చూసిన. తొడుగు కోసి చూడలే. అల్మారీల ఎనిమిది రోజులు పెట్టి చూడలే."

"ఎందుకు చూడలే?"

చంద్రభాగ గడప బయట అరుగు మీద కూర్చుంది. "ఇంటి పిలగాడు తెచ్చిండని చూడలే. తప్పు నాదే."

పూనం ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. లేచి స్విచ్చి ఆపింది. పెట్టెను రెండు చేతులతో ఎత్తుకుని గడప దాకా తెచ్చింది. దాని మీద చేయి తీయలేదు.

"ఇల్లు దాటనియ్య," అంది. "విప్పేది ఉంటే నా ముందల విప్పుండ్రి. ఒక్కొక్కటి నాకు చూపెట్టుండ్రి. ఏది పాతదో, ఎందుకు పాతదో నాకు చెప్పాలె."

"సరే," అంది చంద్రభాగ. వెంటనే అంది. పూనమే కొంచెం తడబడింది. ఇంకా కొట్లాట ఉంటుందనుకుంది.

అభిజిత్‌కు ఫోన్ చేసింది. "సామాను తీస్కొని రా. కటింగ్ ప్లేయరు, మీటరు, చెక్కపీట, రబ్బరు గ్లౌజులు. లౌకర్ రా, జల్ది."

"దుకాణం?"

"షట్టర్ దించు."

"ఒక్క ఇంటికి వస్తే అయిదు ఇండ్లకు రావాలె అత్తా."

"అయిదు ఇండ్లకే రావాలె. మొదటిది మనది అనుకున్న. పూనం ముందల పడ్డది."

"అందరి ముందల విప్పాల్నా?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

అతను వచ్చేసరికి వరుసలో సగం ఆడవాళ్ళు చేరారు. ఎవరి ఒళ్ళో బీడీలు వాళ్ళవి. చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఒకామె తమ ఇంట్లో ఉన్న పెట్టె కూడా మోసుకొచ్చి దూరంగా వేపచెట్టు నీడలో పెట్టి దాని పక్కన నిలబడింది. అభిజిత్ స్కూటరు దిగి ఎవరినీ పలకరించలేదు. ఏదైనా అంటుకుంటే పోయడానికి చంద్రభాగ ఇసుక తట్ట ఒకటి తెప్పించి పక్కన పెట్టించింది. చెక్కపీట మీద పెట్టె పెట్టి అతను మరలు విప్పాడు. మూత తీశాడు. లోపల ఆకుపచ్చ సెల్లులు, ఆరేసి చొప్పున పదహారు వరుసలు, నికెల్ పట్టీల కింద.

"కొత్తగనే ఉన్నయి గదా," అని ఎవరో అన్నారు.

"తొడుగు కొత్తది," అంది పూనం. అప్పుడే నేర్చుకున్న మాట.

పట్టీలు కత్తిరించి ఒక్కో సెల్లూ తీయాలి. అడుగున వేలెడు మేర తొడుగు కోయాలి. అంచు చూపాలి. మీటరు పెట్టాలి. చంద్రభాగ చెప్పింది, అతను చేశాడు. మొదటి వరుసలో ఆరూ శుభ్రంగా ఉన్నాయి. ఉక్కు మీద ఫ్యాక్టరీ అంకెలు చెరగకుండా ఉన్నాయి. పూనం ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి తన కొంగు పరిచి అందులో పెట్టుకుంది. రెండో వరుస కూడా మంచిదే.

"చూసినవా," అన్నాడు అభిజిత్, తల ఎత్తకుండా. "చెప్తే ఇనవు."

అందరూ సెల్లుల్ని చూస్తున్నారు. చంద్రభాగ అతని వేళ్ళను చూస్తోంది.

మూడో వరుసలో వేళ్ళు ఒక సెల్లు తీశాయి, కోశాయి, చూపాయి. ఇంకో రెండు తీశాయి. నాలుగోదాని అంచును గోటితో తడిమి ఒక్క క్షణం ఆగాయి. దాన్ని అక్కడే ఉంచి ఐదోదాని మీదికి పోయాయి.

"దాన్ని ఇడిసిపెట్టినవ్," అంది చంద్రభాగ.

అభిజిత్ ఆమె వైపు చూశాడు. ఆ చూపులో ఉన్నది వేడుకోలో, బెదిరింపో ఆమె తేల్చుకోలేకపోయింది. తేల్చుకోవడానికి ప్రయత్నించలేదు. అతని వేళ్ళు నాలుగోదాని మీదికి వెనక్కి వచ్చాయి. పూనం కొంగులోని సెల్లులు దొర్లకుండా ఒక చేత్తో పట్టుకుని, పీట దగ్గరికి ఇంకొంచెం జరిగింది.